బ్రేక్ ప్రెషర్ సెన్సర్ రెండుసార్లు మార్చినా అలారం పోవట్లేదు, ఏం చెయ్యాలి?

మణుగూరు వైపు బొగ్గు యార్డులో పనిచేసే ఒక తమ్ముడు రాశాడు. ఉత్తరం పెద్దదే, అసలు విషయం ఇది:

"అన్నా, నేను కాంట్రాక్టర్ దగ్గర మెకానిక్‌ని. మా వీల్ లోడర్‌కి నడుస్తూ నడుస్తూ బ్రేక్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగి బజర్ మోగుతోంది, కాసేపటికి దానంతట అదే పోతోంది. కోడ్ చూస్తే బ్రేక్ అక్యుములేటర్ ప్రెషర్ సెన్సర్, వోల్టేజ్ తక్కువ, ఎఫ్ఎమ్ఐ 4 అని వస్తోంది. పక్క బండి సెన్సర్ పెట్టి చూశాం, తర్వాత కొత్తది కొన్నాం, అయినా అంతే. బండి కడిగిన రోజు ఎక్కువ వస్తోంది, లోడ్ ఎత్తుకుని ఫుల్‌గా తిప్పినప్పుడు కూడా వస్తోంది అంటాడు ఆపరేటర్. బ్రేకులు బాగానే పడుతున్నాయి. బకెట్‌ని ఎత్తే చెయ్యి, అదే బూమ్, పైకి పోయాక దానంతట అది ఆగే ఆటో స్టాప్ కూడా ఈమధ్య సరిగ్గా ఆగట్లేదు కానీ అది వేరే గొడవ. సూపర్‌వైజర్ బజర్ వైర్ కట్ చేసెయ్ అంటున్నాడు, ఈసీఎం, అదే బండి కంప్యూటర్, పోయిందేమో అని కూడా అంటున్నాడు. ఏం చెయ్యమంటావ్?"

తమ్ముడూ, ముందు బజర్ వైర్ సంగతి, అది మాత్రం కట్ చెయ్యొద్దు. ఎవరు చెప్పినా సరే. నీ బండికి ఉన్నది పూర్తి హైడ్రాలిక్ బ్రేక్, పంపు ఆయిల్‌ని అక్యుములేటర్‌లోకి నింపుతుంది, పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ పట్టేది ఆ నిల్వ ఉన్న ప్రెషర్‌తోనే. ఇంజిన్ ఆగిపోయినా ఇంకొన్నిసార్లు బ్రేక్ పడేది కూడా ఆ నిల్వ వల్లే. అది తగ్గిపోతోంది అని ఆపరేటర్‌కి చెప్పేది ఈ లైటు, బజర్ మాత్రమే. పెడల్ కింద ఏమీ తేడా తెలీదు, ప్రెషర్ సగానికి వచ్చినా పెడల్ మామూలుగానే అనిపిస్తుంది, కాబట్టి "బ్రేకులు బాగానే పడుతున్నాయి" అన్న మాట మీద బండి నడపకూడదు. ఇంకో పని కూడా కొంతమంది చేస్తారు, సెన్సర్ ప్లగ్‌లో ఒక రెసిస్టర్ పెట్టి ఎప్పుడూ ఒకే వోల్టేజ్ చూపించేలా చేసి ఈసీఎంని మోసం చేస్తారు. అది బజర్ కట్ చెయ్యడం కన్నా ఘోరం, ఎందుకంటే తర్వాత వచ్చే మెకానిక్‌కి కూడా అక్కడ మోసం ఉందని తెలీదు, డిస్‌ప్లేలో ప్రెషర్ పక్కాగా కనపడుతూనే ఉంటుంది.

నువ్వు రాసిన దాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనపడింది నువ్వు "వేరే గొడవ" అని పక్కన పెట్టిన బూమ్ ఆటో స్టాప్. అది వేరే గొడవ కాదేమో అని నా అనుమానం. ఎందుకో చెప్తాను, దానికి ముందు రెండు పనులున్నాయి.

మొదటిది, ప్రెషర్ నిజంగా ఉందో లేదో మెకానికల్ గేజ్ పెట్టి చూడు. బ్రేక్ సర్క్యూట్‌లో టెస్ట్ పోర్ట్ ఉంటుంది, క్విక్ కప్లర్‌తో. సరిపడా రేంజ్ ఉన్న గేజ్ తగిలించి ఇంజిన్ నడిపించి, ఛార్జింగ్ ఎంత దగ్గర మొదలై ఎంత దగ్గర ఆగుతోందో రాసుకో, అది మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెలతో పోల్చు. తర్వాత ఇంజిన్ ఆపి కీ ఆన్‌లోనే ఉంచి పెడల్ ఒక్కొక్కసారి తొక్కుతూ గేజ్ చూడు. మెల్లగా మెట్టు మెట్టుగా దిగితే అక్యుములేటర్‌లో ఆయిల్‌ని నొక్కి పెట్టే నైట్రోజన్ గ్యాస్ బాగున్నట్టు. రెండు మూడు తొక్కులకే ధడాల్న పడిపోతే నైట్రోజన్ పోయింది, అప్పుడు అలారం నిజమే చెప్తున్నట్టు, వైర్లు వెతకడం ఆపి అక్యుములేటర్ చూసుకోవాలి. దాంట్లో నింపేది నైట్రోజన్ ఒక్కటే, గాలి కానీ ఆక్సిజన్ కానీ పొరపాటున కూడా ఎక్కించకూడదు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది.

ఈ పని మొదలుపెట్టే ముందు బండిని చదునుగా ఉన్న చోట ఆపి బకెట్ నేలకి దించి, పార్కింగ్ బ్రేక్ వేసి, నాలుగు చక్రాలకీ గట్టి చెక్కలు పెట్టి, ముందు ఫ్రేమ్, వెనక ఫ్రేమ్ కలిసి బండి వంగే మధ్య జాయింట్‌కి ఉన్న లాక్ బార్ వేసెయ్. లాక్ బార్ వెయ్యకుండా ఆ జాయింట్‌లోకి ఎవ్వరూ దూరకూడదు. ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్ కొంచెం కదిలితే చాలు, మధ్యలో మనిషి ఉంటే నలిగిపోతాడు, ఎంత అనుభవం ఉన్నవాడైనా.

రెండోది, ఎఫ్ఎమ్ఐ అంకె ఏం చెప్తోందో అర్థం చేసుకో. ఎస్ఏఈ జే1939 అని పెద్ద బండ్ల కంప్యూటర్లు వాడే ఒక ప్రమాణం ఉంది, ఆ పద్ధతిలో కోడ్‌కి చివర వచ్చే ఆ అంకె ఏ రకం లోపమో చెప్తుంది. 1 వస్తే సెన్సర్ బాగానే ఉంది కానీ ప్రెషర్ నిజంగా తక్కువ అని. 3 వస్తే సిగ్నల్ వోల్టేజ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, 4 వస్తే తక్కువ, 2 వస్తే నిలకడ లేకుండా ఎగిరిపడుతోంది అని. ఆపరేటర్‌కి కనపడే ఎర్ర లైటు మాత్రం అన్నిటికీ ఒకటే కాబట్టి గందరగోళం అక్కడే మొదలవుతుంది. నీకు 4 వస్తోంది అంటే ఈసీఎం "ప్రెషర్ తక్కువ" అనట్లేదు, "ఈ వైర్‌లో వస్తున్న వోల్టేజ్ అసలు నమ్మేలా లేదు" అంటోంది.

నమ్మకపోవడానికి కారణం ఉంది. మామూలుగా ఈ సెన్సర్లకి మూడు వైర్లు, ఒకటి 5 వోల్ట్ సప్లై, ఒకటి సెన్సర్ గ్రౌండ్, ఒకటి సిగ్నల్. ప్రెషర్ సున్నా ఉంటే సిగ్నల్ 0.5 వోల్ట్, ఫుల్ రేంజ్ ఉంటే 4.5 వోల్ట్. సున్నా ప్రెషర్‌కి సున్నా వోల్ట్ పెట్టకపోవడం కావాలని చేసిందే, వైర్ తెగినా షార్ట్ అయినా వోల్టేజ్ 0.5 కన్నా బాగా కిందికో 4.5 కన్నా పైకో పోతుంది, అప్పుడు ఇది ప్రెషర్ కాదు లోపం అని ఈసీఎం పట్టేస్తుంది. 250 బార్ సెన్సర్ అనుకుందాం, 125 బార్‌కి 2.5 వోల్ట్ రావాలి, 160 బార్‌కి 3.06 వోల్ట్ రావాలి. లెక్క సులువే, సిగ్నల్‌లోంచి 0.5 తీసేసి, 4తో భాగించి, సెన్సర్ రేంజ్‌తో గుణిస్తే బార్‌లో ప్రెషర్ వస్తుంది. గేజ్ చూపించేదీ ఈ లెక్కా కలిస్తే సెన్సర్ మీద అనుమానం వదిలెయ్యొచ్చు. కొన్ని కంపెనీల బండ్లలో 8 వోల్ట్ సప్లైతో పల్స్ సిగ్నల్ ఇచ్చే సెన్సర్లు ఉంటాయి, కొన్నిట్లో 4 నుంచి 20 మిల్లీఆంప్ కరెంట్ ఇచ్చేవి ఉంటాయి, వాటికి ఈ లెక్క పనికిరాదు, అందుకే ముందు మాన్యువల్ చూసి మీది ఏ రకమో తేల్చుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. ఆ 5 వోల్ట్ సప్లై ఈ ఒక్క సెన్సర్‌కే రాదు. చాలా బండ్లలో ఈసీఎం లోపల ఒకే 5 వోల్ట్ సప్లై ఉండి అందులోంచి నాలుగైదు సెన్సర్లకి వైర్ పోతుంది, వీధిలో ఒకే పైపు మీద నాలుగిళ్ళ కుళాయిలు ఉన్నట్టు. ఒకచోట ఆ వైర్ చాసిస్‌కి తగిలి గ్రౌండ్ అయితే మిగతా అన్నిటికీ 5 వోల్ట్ పడిపోతుంది, సప్లై లేని సెన్సర్ నుంచి సిగ్నల్ కూడా కిందికి పోతుంది, ఈసీఎం మాత్రం పాపం బ్రేక్ సెన్సర్ పేరు మీద ఎఫ్ఎమ్ఐ 4 రాస్తుంది. నువ్వు ఎన్ని కొత్త సెన్సర్లు పెట్టినా అది పోదు, ఎందుకంటే తప్పు ఆ సెన్సర్‌లో లేదు.

బూమ్ ఎంత ఎత్తులో ఉందో చెప్పే పొజిషన్ సెన్సర్ ముందు ఫ్రేమ్‌లో ఉంటుంది, ఆటో స్టాప్ దాని మీదే ఆధారపడుతుంది. నీ బ్రేక్ అక్యుములేటర్, ఈసీఎం వెనక ఫ్రేమ్‌లో ఉండి ఉంటాయి. బూమ్ సెన్సర్‌కి పోయే వైర్లు మధ్య జాయింట్ దాటి పోవాలి, బండి తిరిగిన ప్రతిసారీ ఆ వైర్ల కట్ట, అదే హార్నెస్, వంగుతుంది, హోస్ పైపులకి రాసుకుంటుంది, పైన బొగ్గు పొడి, బురద. ఫుల్‌గా తిప్పినప్పుడు వస్తోంది, కడిగిన రోజు ఎక్కువ వస్తోంది, ఆటో స్టాప్ కూడా తప్పుతోంది, ఈ మూడూ కలిపి చూస్తే నా వేలు ఆ జాయింట్ దగ్గర హార్నెస్ వైపే చూపిస్తోంది. కానీ ఇది అనుమానమే, మీటర్‌తో రుజువు చేసుకున్నాకే వైర్ మీద చెయ్యి పెట్టు.

ముందు వైరింగ్ డయాగ్రమ్ తీసి బ్రేక్ సెన్సర్ 5 వోల్ట్ ఏ పిన్ నుంచి వస్తోంది, అదే పిన్ మీద ఇంకా ఏమేం సెన్సర్లు ఉన్నాయి అని కాగితం మీద రాసుకో. బూమ్ సెన్సర్ ఆ లిస్టులో ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే గ్రౌండ్ వైపు చూడు, సప్లై వేరైనా సెన్సర్ గ్రౌండ్ ఒకటే అయ్యుండొచ్చు. తర్వాత డిస్‌ప్లేలో పాత కోడ్లు మొత్తం చూడు, ఏ కోడ్ ఎన్ని గంటల మీటర్ దగ్గర మొదట వచ్చింది అని ఉంటుంది. బ్రేక్ సెన్సర్ కోడ్, బూమ్ సెన్సర్ కోడ్ ఒకే గంట దగ్గర పడి ఉంటే ఇంకేం కావాలి. సెన్సర్ సప్లై వోల్టేజ్ కోడ్ కూడా పడి ఉండొచ్చు, జే1939లో అవి 3509, 3510 లాంటి నంబర్లతో వస్తాయి. అది కనపడితే దాన్నే ముందు పట్టుకో, మిగతా కోడ్లన్నీ దాని పిల్లలే. ఇవన్నీ రాసుకోకుండా కోడ్లు క్లియర్ చెయ్యొద్దు, మెకానిక్‌లు చాలామంది బండి దగ్గరికి రాగానే చేసే మొదటి పని క్లియర్ కొట్టడం, దాంతో ఉన్న ఆధారం కాస్తా పోతుంది.

మీటర్ పని. డిజిటల్ మీటర్ మంచిది వాడు. బల్బు టెస్ట్ ల్యాంప్ ఈ సర్క్యూట్‌లో పెట్టొద్దు, అది లాగే కరెంట్‌కి 5 వోల్ట్ సప్లై కూలిపోతుంది, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ అయితే ఆ దరిదాపుల్లోకి కూడా తేవద్దు, దాని 500 వోల్ట్‌కి ఈసీఎం నిజంగానే పోతుంది. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్, సెన్సర్ ప్లగ్ పెట్టే ఉంచి కనెక్టర్ వెనక నుంచి సన్నటి బ్యాక్ ప్రోబ్ పిన్నులు దూర్చి చూడు. వైర్ ఇన్సులేషన్‌ని సూదితో పొడవొద్దు, ఆ చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పోయి కొన్ని నెలలకి లోపల రాగి పచ్చగా మారి కొత్త కంప్లైంట్ తయారవుతుంది. సప్లై పిన్‌కీ సెన్సర్ గ్రౌండ్ పిన్‌కీ మధ్య 5 వోల్ట్ దగ్గర్లో ఉండాలి, 4.8 కన్నా తక్కువ ఉంటే సంగతేదో ఉంది. చాసిస్‌కి పెట్టి చూడకు, గ్రౌండ్ వైర్‌లో లోపం ఉంటే చాసిస్‌కి చూసినప్పుడు అంతా బాగున్నట్టే కనపడుతుంది.

గ్రౌండ్ గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. సప్లై వైర్‌లో తుప్పు పట్టి వోల్టేజ్ తగ్గితే డిస్‌ప్లేలో ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువ కనపడుతుంది, అది చిరాకే కానీ ప్రమాదం కాదు, బండి ఆగుతుంది అంతే. గ్రౌండ్ వైర్‌లో తుప్పు పడితే మాత్రం సిగ్నల్ పైకి లేస్తుంది. ఇందాకటి 250 బార్ సెన్సర్‌నే తీసుకో, గ్రౌండ్‌లో అర వోల్ట్ పోతోంది అనుకుంటే, అసలు ప్రెషర్ 80 బార్ ఉంటే ఈసీఎంకి సుమారు 100 బార్ అని కనపడుతుంది. అంటే అలారం రావాల్సిన చోట రాదు, కోడ్ కూడా ఏమీ పడదు. అందుకే కీ ఆన్‌లో ఉంచి సెన్సర్ గ్రౌండ్ పిన్‌కీ ఈసీఎం దగ్గర అదే గ్రౌండ్ పిన్‌కీ మధ్య వోల్టేజ్ డ్రాప్ తప్పకుండా చూడు, కొన్ని మిల్లీవోల్ట్‌లే ఉండాలి, 0.1 వోల్ట్ దాటితే ఆ వైర్‌ని వదలొద్దు.

ఇప్పుడు నీ బండి కంప్లైంట్ వచ్చి పోయే రకం కాబట్టి నిలబడి ఉన్నప్పుడు అన్నీ సరిగ్గా చూపించొచ్చు. అందుకని మీటర్‌ని మిన్-మ్యాక్స్ మోడ్‌లో పెట్టు, అది వచ్చిన అతి తక్కువ వోల్టేజ్‌ని గుర్తుపెట్టుకుంటుంది. మరీ క్షణకాలం షార్ట్ అయితే మామూలు మీటర్ పట్టలేకపోవచ్చు, పీక్ మోడ్ ఉంటే అది వాడు. 5 వోల్ట్ మీద ప్రోబ్ ఉంచి లాక్ బార్ వేసి ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా జాయింట్ దగ్గర హార్నెస్‌ని చేత్తో వంచి, లాగి, మెలిపెట్టి చూడు, ఎక్కడ వంచితే అంకె పడుతోందో అక్కడే జబ్బు. చేత్తో దొరక్కపోతే పొడుగు వైర్లు వేసి మీటర్‌ని క్యాబిన్‌లోకి తీసుకుపోయి, లాక్ బార్ తీసి, చుట్టూ ఒక్క మనిషి కూడా లేకుండా చూసుకుని ఆపరేటర్ ఒక్కడే కూర్చుని మెల్లగా ఆ చివరికీ ఈ చివరికీ స్టీరింగ్ తిప్పాలి. బయట నుంచి ఎవడూ "ఆగు నేను చూస్తా" అని జాయింట్‌లోకి వంగకూడదు.

5 వోల్ట్ పడిపోతోంది అని తేలాక దానిమీద ఉన్న సెన్సర్లని ఒక్కొక్కటే ఊడదీస్తూ పో. ఏది ఊడదీస్తే 5 వోల్ట్ తిరిగొచ్చిందో ఆ సెన్సరే దోషి. అన్నీ ఊడదీసినా రాకపోతే అనుమానం హార్నెస్ మీద. అప్పుడు బ్యాటరీ ఐసొలేటర్ తీసేసి ఈసీఎం కనెక్టర్ కూడా ఊడదీసి, రెండు వైపులా ఖాళీగా ఉన్నప్పుడు సప్లై వైర్‌కీ చాసిస్‌కీ మధ్య, సప్లై వైర్‌కీ సిగ్నల్ వైర్‌కీ మధ్య ఓమ్స్ చూడు. కనెక్షన్ ఉండకూడదు. కొన్ని వేల ఓమ్స్ లోపు చూపిస్తే ఎక్కడో తడి కానీ రాపిడి కానీ ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకి అదే వైర్ 5 ఓమ్స్ లోపు ఉండాలి.

ఈసీఎం పోయిందా అన్న ప్రశ్నకి కూడా అక్కడే ఒక చిన్న టెస్ట్ ఉంది. 5 వోల్ట్ సరిగ్గా ఉన్నప్పుడు బ్రేక్ సెన్సర్ ప్లగ్ ఊడదీసి కోడ్ ఏమైందో చూడు. సిగ్నల్ లైన్‌ని ఈసీఎం లోపలి నుంచి పైకి లాగి పెట్టే రకం అయితే ప్లగ్ ఊడదీయగానే 4 పోయి 3 వస్తుంది. తర్వాత హార్నెస్ వైపు ప్లగ్‌లో సిగ్నల్ పిన్‌నీ సెన్సర్ గ్రౌండ్ పిన్‌నీ చిన్న జంపర్‌తో కలిపితే మళ్ళీ 4 వస్తుంది. ఇలా మారుతోంది అంటే ఆ సిగ్నల్ వైర్, గ్రౌండ్ వైర్, ఈసీఎం మూడూ పనిచేస్తున్నట్టే. లైన్‌ని కిందికి లాగి పెట్టే ఈసీఎంలలో ఊడదీసినా 4 ఉంటుంది, కాబట్టి మీ బండిది ఏ రకమో మాన్యువల్ చూసి తేల్చుకోకుండా ఈసీఎం మీద నింద వెయ్యొద్దు. ఈసీఎం అన్నిటికన్నా ఖరీదైనది, నిజంగా పోయే అవకాశం అన్నిటికన్నా తక్కువ ఉన్నదీ అదే. ఈమధ్య బకెట్‌కి కానీ బూమ్‌కి కానీ వెల్డింగ్ చేశారా అని మాత్రం అడుగు. బ్యాటరీ, ఈసీఎం కనెక్టర్లు తీయకుండా, ఎర్త్ క్లాంప్ దూరంగా ఎక్కడో వేసి వెల్డింగ్ చేసి ఉంటే అప్పుడు సెన్సర్ కానీ ఈసీఎం కానీ దెబ్బతినే అవకాశం ఉంటుంది.

కనెక్టర్లు కూడా చూడు. జాయింట్ దాటేచోట ఉండే డాయిచ్ (Deutsch) కంపెనీ రకం ప్లగ్‌ని విప్పి లోపల తడి ఉందా, పిన్ను వెనక్కి జారిందా, మధ్యలో ఉండే వెడ్జ్ లాక్ ఉందా లేదా, వెనక రబ్బర్ సీల్ చిరిగిందా, వాడని రంధ్రాలకి మూత పిన్నులు ఉన్నాయా. ఒక్కో వైర్‌ని మెల్లగా లాగి చూడు, నాలుగైదు కేజీల లాగుడుకి కూడా పిన్ను రాకూడదు. కడిగిన రోజు ఎక్కువ వస్తోంది అంటే ప్రెషర్ వాషర్ గన్‌ని నేరుగా కనెక్టర్ల మీద పెడుతున్నారేమో, కడిగే కుర్రాడికి చూపించి చెప్పు, వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

దెబ్బతిన్న చోటు దొరికాక రెండు వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం వద్దు, ఆ జాయింట్‌లో అది వర్షాకాలం దాకా కూడా ఉండదు. పాడైన ముక్క మొత్తం కోసేసి అదే మందం వైర్ వేసి, క్రింప్ జాయింట్ కొట్టి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్యి. రెండు మూడు వైర్లు ఉంటే జాయింట్లన్నీ ఒకేచోట పడకుండా ముందూ వెనకా వెయ్యి, కుదిరితే వంగే చోటుకి దూరంగా వెయ్యి. వైర్ ఎందుకు రాసుకుందో కూడా చూడాలి, సాధారణంగా ఏదో ఒక క్లాంప్ విరిగిపోయి ఉంటుంది, లేదా హోస్ మార్చినప్పుడు హార్నెస్‌ని తప్పు వైపు నుంచి తెచ్చి ఉంటారు. బండి ఫుల్‌గా తిరిగినప్పుడు హార్నెస్ బిగుసుకోకుండా, వదులుగా వేలాడకుండా ఉండేలా క్లాంప్ కట్టు.

ఒకవేళ చివరికి సెన్సరే తియ్యాల్సి వస్తే, ఇంజిన్ ఆపి పెడల్ తొక్కి తొక్కి గేజ్ సున్నాకి వచ్చాకే స్పానర్ పెట్టు, అక్యుములేటర్‌కి డ్రెయిన్ వాల్వ్ ఉంటే అది కూడా తెరువు. ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ సన్నటి ధారగా వస్తే చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కలా కనపడినా వెంటనే ఆసుపత్రికి పోవాలి, లేకపోతే వేలు తీసెయ్యాల్సి రావొచ్చు. లీక్ వెతకడానికి చెయ్యి కాదు, అట్టముక్క వాడు.

సూపర్‌వైజర్‌తో గొడవ పడమని చెప్పను, వాళ్ళమీద కూడా పైనుంచి టన్నుల ఒత్తిడి ఉంటుంది. కానీ బ్రేక్ వార్నింగ్ ఉన్న బండిని నడపమంటే ఆ మాట డిఫెక్ట్ బుక్‌లో రాయమని మర్యాదగా అడుగు, నువ్వు చూసిన కోడ్, గంటల మీటర్, కొలిచిన వోల్టేజ్ కూడా అందులో రాయి. గని ప్రాంతంలో ప్రమాదం జరిగితే గనుల భద్రత చూసే డీజీఎంఎస్ వాళ్ళు వచ్చి చూసేవాటిలో ఆ పుస్తకాలు కూడా ఉంటాయి. ఇంత పని ఒక పూటలో అయిపోయేదే అని కూడా ఆయనకి చెప్పు, రెండు సెన్సర్లకి పెట్టిన డబ్బు కన్నా మీటర్ పట్టుకుని గడిపే పూట చవక.

రిపేర్ అయ్యాక కోడ్లు క్లియర్ చేసి బండిని వెంటనే లోడింగ్‌కి పంపకు. గేజ్ అలాగే ఉంచి ఫుల్ ప్రెషర్ ఎక్కించి ఇంజిన్ ఆపి కీ ఆన్‌లో పెట్టి పెడల్ తొక్కుతూ పో, గేజ్‌లో అంకె, డిస్‌ప్లేలో అంకె రెండూ కలిసి దిగుతున్నాయా చూడు, మాన్యువల్‌లో ఇచ్చిన ప్రెషర్ దగ్గరికి రాగానే లైటు, బజర్ రెండూ రావాలి. రాకపోతే పని ఇంకా మిగిలి ఉంది. వస్తే గేజ్ తీసి టెస్ట్ పోర్ట్‌కి మూత పెట్టి, ఖాళీ చోట అటూ ఇటూ ఫుల్‌గా తిప్పించి, బూమ్ ఎత్తించి ఆటో స్టాప్ ఆగుతోందో లేదో చూసి, ఒకసారి కడిగించి మళ్ళీ చూసి అప్పుడు ఆపరేటర్‌కి అప్పజెప్పు. నా అనుమానం తప్పై, 5 వోల్ట్ ఎక్కడా పడకుండా కోడ్ మాత్రం వస్తూనే ఉంటే సప్లై, గ్రౌండ్, సిగ్నల్ మూడు చోట్లా కొలిచిన అంకెలు, పక్కన గేజ్ ప్రెషర్, మీ బండి మోడల్ రాసి పంపు.